లినక్స్‌లో వైడ్‌వైన్ వెర్షన్ ఎక్కడ చూడాలి

బ్రౌజర్‌కి అదనపు పని నేర్పే ప్లగిన్ వెర్షన్ అనగానే, లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ లెక్క చూసే ప్యాకేజీ మేనేజర్ కమాండ్లు డీపీకేజీనో ఆర్‌పీఎంనో అడగడం అలవాటు. ఇప్పుడు అక్కడ జవాబు దొరకడం అరుదు. 2017 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 52 ఫ్లాష్ తప్ప మిగతా పాత ప్లగిన్‌లన్నిటినీ ఆపేసింది. 2021 జనవరిలో, 85వ వెర్షన్‌తో ఫ్లాష్ కూడా పోయింది. మిగిలినవి రెండే: కాపీ కాకుండా తాళం వేసిన ఓటీటీ వీడియోలకు కావాల్సిన గూగుల్ వైడ్‌వైన్, వీడియో కాల్స్‌కి పనికొచ్చే సిస్కో ఓపెన్‌హెచ్264. వీటిని ఫైర్‌ఫాక్సే దించుకుని, మీ సెట్టింగ్స్ దాచే ప్రొఫైల్ ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది కాబట్టి ప్యాకేజీ మేనేజర్‌కి వాటి సంగతే తెలియదు. ఫెడోరాలో ఓపెన్‌హెచ్264 ప్యాకేజీగా కూడా దొరుకుతుంది, అదొక మినహాయింపు.

ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఏ కలిపి నొక్కి, ఎడమవైపు ప్లగిన్స్ తెరవండి. వైడ్‌వైన్ పేరు మీద నొక్కితే వెర్షన్, చివరిసారి అప్‌డేట్ అయిన తేదీ కనిపిస్తాయి. సెట్టింగ్స్‌లో డీఆర్‌ఎం (కాపీ రక్షణ) కంటెంట్‌కి టిక్ పెట్టకపోతే వైడ్‌వైన్ అసలు దిగదు.

డిస్క్ మీద కూడా సరిచూసుకోవడం మంచిది. ఫైర్‌ఫాక్స్‌ని ఇన్‌స్టాల్ చేసే తీరులు స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, మామూలు ప్యాకేజీ, ఒక్కోదానికి ప్రొఫైల్ ఒక్కోచోట ఉంటుంది. దారి ఊహించకండి: హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ పేజీలో ప్రొఫైల్ డైరెక్టరీ పక్కనున్న బటన్ నొక్కండి. అక్కడ జీఎంపీతో మొదలై వైడ్‌వైన్ పేరున్న ఫోల్డర్ లోపల వెర్షన్ నంబరే పేరుగా మరో ఫోల్డర్ ఉంటుంది. రెండు మూడు కనిపిస్తే పేర్ల వరుసను నమ్మొద్దు. అక్షరక్రమంలో 4.10 ముందు, 4.9 తర్వాత వస్తాయి గానీ కొత్తది 4.10. టెర్మినల్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్‌కి చిన్న వీ ఆప్షన్ ఇస్తే వరుస సరిగ్గా వస్తుంది. ప్రతి ప్రొఫైల్‌కీ విడి కాపీ ఉంటుంది; ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు యూజర్లకు రెండు వెర్షన్లు ఉండొచ్చు.

క్రోమ్‌లో అయితే కాంపొనెంట్స్ పేజీలో వైడ్‌వైన్ వరుస చూడండి. అప్‌డేట్ బటన్ నొక్కాక బ్రౌజర్ పూర్తిగా మూసి తెరవాలి: లినక్స్‌లో సాండ్‌బాక్స్ (ప్రోగ్రామ్‌ని కట్టడిలో ఉంచే రక్షణ) బిగించక ముందే క్రోమ్ ఈ లైబ్రరీని లోడ్ చేసుకుంటుంది, నడుస్తుండగా మార్చలేదు. లినక్స్ డిస్ట్రో ఇచ్చే క్రోమియంలో (క్రోమ్‌కి ఆధారమైన ఓపెన్‌సోర్స్ బ్రౌజర్) సాధారణంగా వైడ్‌వైన్ ఉండదు.

వెర్షన్ సరిగ్గానే ఉండి ఫైర్‌ఫాక్స్‌లో వీడియో ఆడకపోతే, హోమ్ పార్టిషన్ నోఎగ్జెక్‌తో (అక్కడి ఫైళ్లను ప్రోగ్రామ్‌లుగా నడవనివ్వని ఆప్షన్) మౌంట్ అయ్యిందేమో ఫైండ్‌మౌంట్ కమాండ్‌తో చూడండి. అలా ఉంటే ఫైల్ కళ్లెదుటే ఉన్నా, కెర్నల్ దాన్ని లోడ్ కానివ్వదు.