గోల్ఫ్ ఎనిమిది తరాలు: ప్రతి కారూ వెనకటి కారుకు దిద్దుబాటే

కార్ల గురించి రాసేవారు సాధారణంగా ప్రతి కొత్త తరాన్నీ ముందడుగుగానే వర్ణిస్తారు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ విషయంలో ఆ లెక్క నాకు ఎన్నడూ సరిపడినట్టు అనిపించలేదు. 1974 నుంచి వచ్చిన ఎనిమిది తరాలనూ వరుసగా పెట్టి చూస్తే, ఒక్కో తరం తన ముందు తరంపై వచ్చిన ఫిర్యాదుకు చెప్పిన జవాబులా కనిపిస్తుంది. ఆ జవాబులోంచే మరో ఫిర్యాదు పుట్టుకొస్తుంది.

మొదటి గోల్ఫ్ జవాబు చెప్పవలసి వచ్చింది బీటిల్‌కు. వెనక భాగంలో గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న ఆ కారు మీదే సంస్థ దశాబ్దాల పాటు ఆధారపడింది. గిరాకీ తగ్గేనాటికి దాని స్థానంలో నిలబడగల కారు చేతిలో లేకపోయింది. వెనక సీటు కింద ఇంజిన్‌ను పడుకోబెట్టే ఒక ప్రాజెక్టును పోర్షే ద్వారా చాలా దూరం నడిపించినప్పటికీ, 1971లో సంస్థ పగ్గాలు చేపట్టిన రుడాల్ఫ్ లైడింగ్ దానిని రద్దు చేశారు. ముందు భాగంలో అడ్డంగా అమర్చిన, నీటితో చల్లబడే ఇంజిన్, ముందు చక్రాలకే శక్తి, వెనక పెద్ద తలుపు అనే కూర్పు అప్పుడు ఖరారైంది. ఈ కూర్పును గోల్ఫ్ కనిపెట్టలేదు, కానీ కోట్ల మందికి అలవాటు చేసిన కార్లలో ఇది ముఖ్యమైనది. ఇటలీకి చెందిన జార్జెట్టో జుజారో గీసిన ఆకారంలో పదునైన గీతలు తప్ప అలంకారం లేదు. పొడవు సుమారు 3.7 మీటర్లు, బరువు 800 కిలోలకు అటూ ఇటూ. పది లక్షలవ కారు 1976లోనే తయారైంది.

ఆ ఏడాదే అమ్మకానికి వచ్చిన వేగవంతమైన రకం జీటీఐ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. కొద్దిమంది ఇంజినీర్లు తమంత తాముగా మొదలుపెట్టిన ఈ పనికి 1975 ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో వచ్చిన స్పందన చూశాక కూడా, సంస్థ 5,000 కార్లు అమ్ముడైతే చాలనుకున్నది. 1.6 లీటర్ల ఇంజిన్‌కు ఇంధన ఇంజెక్షన్ జోడించి 110 హార్స్‌పవర్ రాబట్టారు. అంత తేలికైన కారుకు ఆ శక్తి చాలా ఎక్కువ. చివరికి మొదటి తరం జీటీఐలే నాలుగు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. గళ్ల బట్ట సీట్లు, గోల్ఫ్ బంతి ఆకారంలోని గేరు పిడి గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే డిజైనర్ ఆలోచనలు. యాభై ఏళ్ల తర్వాత కూడా జీటీఐలో గళ్ల బట్ట కనిపిస్తోందంటే, ఆమె ఎంపిక ఇంజిన్ కన్నా ఎక్కువ కాలం నిలిచిందన్నమాట.

మొదటి కారులో వెనక కూర్చునేవారికీ సామానుకూ చోటు చాలదన్న ఫిర్యాదుకు 1983లో వచ్చిన రెండో తరం దాదాపు 28 సెంటీమీటర్ల అదనపు పొడవుతో జవాబిచ్చింది. నా దృష్టిలో గోల్ఫ్ చరిత్రలో అత్యంత సాహసోపేతమైన నిర్ణయం ఇదే, ఎందుకంటే సాహసమంతా ఏమీ మార్చకపోవడంలో ఉంది. హెర్బర్ట్ షేఫర్ నాయకత్వంలోని సొంత డిజైన్ బృందం పాత ఆకారాన్నే గుండ్రపరిచి, గాలి నిరోధకతా గుణకాన్ని 0.42 నుంచి 0.34కు తగ్గించింది. వెనక తలుపుకు ముందుండి పైకప్పును మోసే మందపాటి స్తంభాన్ని, అంటే సీ పిల్లర్‌ను, మరింత బలంగా చూపించింది. పోటీదారులు ప్రతి తరానికీ ముఖం మార్చుకుంటున్న కాలంలో ఇలా ఆగగలగడం చిన్న విషయం కాదు. ఆనాటి నుంచి ఏ గోల్ఫ్‌నైనా ఆ పిల్లర్ చూసి గుర్తుపట్టవచ్చు. ఈ తరం కార్లు 63 లక్షల వరకు తయారయ్యాయి.

1991లో వచ్చిన మూడో తరం భద్రతకు ప్రాధాన్యం ఇచ్చింది. ముందు ఎయిర్‌బ్యాగులు, ఆరు సిలిండర్ల వీఆర్6 ఇంజిన్, 1993లో టీడీఐ డీజిల్ దీనితోనే గోల్ఫ్‌కు వచ్చాయి. 1992 సంవత్సరానికి యూరప్ మేటి కారుగా ఎంపికైంది కూడా. అయితే తుప్పు విషయంలోనూ, లోపలి నాణ్యత విషయంలోనూ గోల్ఫ్ పేరు దెబ్బతిన్నది ఈ తరంలోనే.

ఆ మచ్చను తుడిచేందుకు సంస్థ అధిపతి ఫెర్డినాండ్ పియెష్ హయాంలో 1997లో నాలుగో తరం వచ్చింది. పూర్తిగా జింకు పూత పూసిన బాడీ, తుప్పు వల్ల రేకు చిల్లుపడదని 12 ఏళ్ల హామీ, రేకుల మధ్య సన్నని సందులు, చేతికి మెత్తగా తగిలే డ్యాష్‌బోర్డు చూసినవారికి ఇది ఒక తరగతి పైనున్న కారేమో అనిపించేది. నడపడం మాత్రం అంత గొప్పగా ఉండేది కాదు. మరుసటి ఏడాదే ఫోర్డ్ ఫోకస్ వెనక చక్రాలను విడివిడిగా పలు కడ్డీలతో పట్టి ఉంచే మల్టీలింక్ సస్పెన్షన్‌తో రావడంతో, మామూలు గోల్ఫ్‌లలో రెండు వెనక చక్రాలనూ ఒకే దూలంతో కలిపే సాదా టార్షన్ బీమ్ వెలవెలబోయింది. జీటీఐ ముద్రను నీరసమైన ఇంజిన్ల మీద కూడా వేయడం అభిమానులకు మింగుడుపడలేదు. ఈ తరానికి చివర్లో వచ్చిన శక్తిమంతమైన ఆర్32 రకమే ఊరట. గేర్లను తానే మార్చుకునే రెండు క్లచ్‌ల డీఎస్‌జీ గేర్‌బాక్స్ 2003లో మొట్టమొదట అందులోనే అమ్మకానికి వచ్చింది. మొత్తం తయారీ సంఖ్యలో గోల్ఫ్ బీటిల్‌ను దాటింది కూడా ఈ తరంలోనే, 2002లో.

అయిదో తరం, 2003: మల్టీలింక్ వచ్చింది, బాడీ గట్టిపడింది, 200 హార్స్‌పవర్ టర్బో ఇంజిన్‌తో జీటీఐ పరువు నిలబడింది. కానీ కారు తయారీకి ఖర్చూ సమయమూ మితిమీరాయి. అందుకే అయిదేళ్లకే ఆరో తరాన్ని తెచ్చారు. అది నిజానికి కొనేవారి కోసం కాక సంస్థ లెక్కల పద్దుల కోసం పుట్టిన కారు. పరీక్షల్లో మాత్రమే తక్కువ కాలుష్యం చూపేలా చేసిన, 2015లో బయటపడిన ఉద్గారాల మోసంలోని ఈఏ189 డీజిల్ ఇంజిన్లు అమర్చిన కార్లలో ఇదీ ఉంది.

2012 నాటి ఏడో తరం నాకు అన్నిటిలోకి సమగ్రమైనది. ఎంక్యూబీ అనే ఉమ్మడి నిర్మాణ పద్ధతి వల్ల కారు పెద్దదైనా బరువు 100 కిలోల వరకు తగ్గింది. పెట్రోలు, డీజిల్, ప్లగ్ఇన్ హైబ్రిడ్, పూర్తి విద్యుత్ రకాలు ఒకే వరుసలో తయారయ్యే వీలు కలిగింది. అంతకుముందు ప్రతి తరమూ బరువెక్కడానికి కారణాలు లేకపోలేదు. ప్రమాద పరీక్షలకు తట్టుకునే పక్క నిర్మాణాలు, ఎయిర్‌బ్యాగులు, శబ్ద నిరోధకాలు అన్నీ కిలోలే. అయినా ఈ పెరుగుదల ఎంతదాకా పోయిందంటే, కింది తరగతికి చెందిన నేటి పోలో 4.05 మీటర్లకు పైగా ఉండి, మూడో తరం గోల్ఫ్ కన్నా పొడవుగా ఉంది.

2019లో వచ్చిన ఎనిమిదో తరం, అంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయని చోట చేయి పెట్టింది. ఉష్ణోగ్రత, శబ్దం నియంత్రించే మీటలను తీసేసి, తెర కింద వేలితో రాసే పట్టీని అమర్చారు. దానికి రాత్రిపూట వెలుతురు కూడా లేదు. ఖరీదైన రకాలలో స్టీరింగ్ మీది బటన్లు కూడా స్పర్శకు మారాయి. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చేయగలిగిన పనులను తెర వైపు చూసి చేయవలసిన పనులుగా మార్చడాన్ని ఆధునికత అనడం నాకు అర్థం కాదు. విమర్శలు గట్టిగా రావడంతో 2024 మార్పులలో పట్టీకి వెలుగు వచ్చింది, స్టీరింగ్ మీద నొక్కే బటన్లు తిరిగి వచ్చాయి. అదే మార్పులలో జీటీఐ నుంచి చేత్తో వేసే గేర్‌బాక్స్‌ను పూర్తిగా తొలగించారు, ఇక డీఎస్‌జీ ఒక్కటే దిక్కు. కాబట్టి తొమ్మిదో తరానికి అందవలసిన మొదటి ఫిర్యాదు ఇప్పటికే సిద్ధంగా ఉంది.