పాత విన్‌చెస్టరా, కొత్త సీజెడా: రైఫిలు కొన్న నా అనుభవం

మా అమ్మాయి ఈ ఏడాది ఇక్కడ డాలస్‌లో 4-హెచ్ అనే పిల్లల సంఘం షూటింగ్ జట్టులో చేరడంతో, చిన్న తూటా వాడే .22 రైఫిలు కొనవలసి వచ్చింది. గుంటూరులో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో నేను గురి నేర్చుకున్నది .22 తోనే. చెక్ దేశంలో ఇప్పుడు తయారవుతున్న సీజెడ్ 457 కొనాలా, 1963లో తయారీ ఆగిపోయిన విన్‌చెస్టర్ 69ఏ కొనాలా అన్నదే ప్రశ్న. నా మనసు పాతదానివైపే మొగ్గింది. దాని వాల్‌నట్ కట్టె మీద ఎన్నో ఏళ్ల చేతుల రాపిడికి వచ్చిన నునుపు కొత్త రైఫిలుకు రాదు.

మొదటి దుకాణంలో 69ఏ చేతికిచ్చారు. తూటా కూర్చునే ఛాంబరు ఖాళీగా ఉందని చూసుకుని, దాన్ని మూసే బోల్టును ముందుకు తోసి, ఎన్‌సీసీ నాటి అలవాటు కొద్దీ ట్రిగ్గరు నొక్కాను. అంతే, అమ్మకందారు రైఫిలును నా చేతిలోంచి లాక్కుని, అందరూ వినేలా, .22 లాంటి రిమ్‌ఫైరు తుపాకీని తూటా లేకుండా ఖాళీగా పేల్చకూడదన్న సంగతి కూడా తెలియనివాడికి తుపాకీ ఎందుకని అడిగాడు. అంతటితో ఆగలేదు. బోల్టు తీసి, ఛాంబరు అంచున పడిన నొక్కు చూపించి, అది నా వల్లనే పడిందని, కాబట్టి రైఫిలును అడిగిన ధరకే కొని తీరాలని అన్నాడు. పక్కన నిలబడి ఉన్న మా అమ్మాయి తల దించుకుంది. ఆ క్షణం నాకు ఇంకా కళ్లలో మెదులుతూనే ఉంది.

అతను చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పెద్ద తుపాకుల తూటాకు అడుగున నడిమధ్య ప్రైమరు, అంటే దెబ్బకు రాజుకునే మందు ఉన్న చిన్న మూత, ఉంటుంది. రిమ్‌ఫైరు తూటాలో రాజుకునే మందు అడుగు అంచు మడతలోనే ఉంటుంది కనుక, తూటాను కొట్టే ఫైరింగ్ పిన్ను ఆ అంచునే నలపాలి. తూటా లేనప్పుడు, కొన్ని పాత రైఫిళ్లలో ఆ దెబ్బ నేరుగా ఛాంబరు అంచు ఉక్కుమీద పడుతుంది. పదేపదే పడితే అక్కడ గుంట ఏర్పడి, లోహం లోపలికి ఉబ్బి, తూటా సరిగా దిగదు, ఖాళీ కేసు సులభంగా బయటికి రాదు. అయితే ఒక్కసారి నొక్కినందుకు అంత గుంట పడదు. ఫోను లైటు వేసి చూశాను. గుంట నిండా నల్లగా గట్టిపడిన పాత మసి ఉంది. అప్పుడే పడిన నొక్కయితే ఉక్కు మెరుస్తూ ఉండాలి కదా అని, అక్కడున్న మరో ఇద్దరు కొనుగోలుదారులకు చూపించాను. అతను మారు మాట్లాడకుండా రైఫిలును అరలో పెట్టేశాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

కాబట్టి పాత రిమ్‌ఫైరు కొనేవారు కట్టె అందానికి మురిసిపోకముందే బోల్టు తీయించి, ఛాంబరు అంచును, గొట్టం లోపలి తుప్పు మచ్చలను లైటు వేసి చూడండి. చూడనివ్వని దుకాణంలో నిలబడకండి. సీరియల్ నంబరు లేదని మాత్రం కంగారు పడవద్దు. అమెరికాలో 1968 తుపాకుల చట్టం రాకముందు తయారైన చౌక .22 రైఫిళ్లు చాలావాటికి అసలు నంబరే ఉండేది కాదు.

చివరికి మరో దుకాణంలో సీజెడ్ 457 కొన్నాను. పాతదాని మీద నాకు అలక లేదు. కానీ నేను చూసిన 69ఏకు టెలిస్కోపు బిగించడానికి గాడి లేదు, రంధ్రాలు వేయిస్తే దాని విలువ పోతుంది. సీజెడ్‌కు గాడి ఉంది, ట్రిగ్గరు బరువు సవరించుకోవచ్చు, విడిభాగాలు దొరుకుతాయి. నేర్చుకునే పిల్లకు కావలసినవి ఇవే.

తుపాకీ కొనేటప్పుడు దుకాణంలో నింపాల్సిన 4473 ఫారం అరగంట పని. నేను గ్రీన్‌కార్డుదారుణ్ణి కనుక ఆ నంబరు కూడా రాయాలి. హెచ్‌1బీ మీద ఉన్నవారికి మాత్రం కొన్ని మినహాయింపుల్లో తప్ప చట్టం ఒప్పుకోదు. పేరు ఫారంలోను, గుర్తింపు కార్డులోను అక్షరం తేడా లేకుండా ఉండేలా చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో చోట ఉంటాయి. కొనేవారి నేపథ్యం మీద జరిగే తనిఖీ జవాబు వెంటనే రాలేదు, రెండో రోజున అనుమతి వచ్చింది.

పోయిన శనివారం 50 గజాల దూరంలో మా అమ్మాయి కాల్చిన అయిదు తూటాల రంధ్రాలూ ఒక రూపాయి బిళ్ల కిందికి వచ్చాయి. ఆ కాగితాన్ని తనే మడిచి జేబులో పెట్టుకుంది.