దిమితర్ పేషెవ్ గురించి చదివాక నిద్ర పట్టలేదు

రాత్రి బల్గేరియా లాయర్ దిమితర్ పేషెవ్ గురించి చదువుతూ కూర్చున్నాను, ఇంకా ఆయనే బుర్రలో తిరుగుతున్నాడు. క్యూస్తెందిల్ అనే చిన్న ఊరివాడు, లా చదివి, కోర్టుల్లో పనిచేసి, 1935లో న్యాయశాఖ మంత్రి, తర్వాత పార్లమెంటు డిప్యూటీ స్పీకర్. నాజీ జర్మనీతో చెయ్యి కలిపిన ప్రభుత్వం యూదుల మీద చట్టం తెస్తే దానికి మద్దతిచ్చినవాళ్లలో ఈయనా ఉన్నాడు. ఆ మాట దాచి ఈయన్ని పొగడటం నాకు నచ్చదు.

కానీ 1943 మార్చిలో సొంతూరి నుంచి మనుషులొచ్చి, మా ఊళ్లో యూదుల్ని నాజీల మరణ శిబిరాలకి పంపే రైలెక్కించబోతున్నారని చెప్పారు. ఈయన కొందరు ఎంపీలను వెంటబెట్టుకుని హోంమంత్రి గాబ్రోవ్‌స్కి దగ్గరికెళ్లి, ఆర్డర్ ఆపేదాకా కదల్లేదు. ఆపామన్న మాట నమ్మి ఊరుకోలేదు, క్యూస్తెందిల్‌కి స్వయంగా ఫోన్ చేసి ఆర్డర్ అందిందో లేదో కనుక్కున్నాడు! నిజమైన లాయర్ పని అంటే అదీ. తర్వాత 42 మంది ఎంపీలతో సంతకాలు పెట్టించి ప్రధానికి నిరసన లేఖ ఇచ్చాడు, పదవి పోయింది. బల్గేరియాలోని దాదాపు 48,000 మంది యూదులు ప్రాణాలతో మిగిలారు, ఇంకా చాలామంది పోరాడారు లెండి, ఈయనొక్కడే కాదు. బల్గేరియా ఆక్రమించిన థ్రేస్, మాసిడోనియాల నుంచి పంపేసిన 11,000 మందికి పైగా మాత్రం తిరిగి రాలేదు.

యుద్ధం అయ్యాక కమ్యూనిస్టుల కోర్టు ఈయనకే 15 ఏళ్ల శిక్ష వేసింది. త్వరగానే వదిలేశారు గానీ, మిగతా బతుకంతా ఎవరూ పట్టించుకోకుండానే గడిచింది. ఇజ్రాయెల్ ఆయన్ని గౌరవించింది 1973లో, ఆయన పోయిందీ ఆ ఏడే.