సున్నా రాసిన గడి

ఇంగ్లండ్‌కి వచ్చి ఇరవై రెండేళ్లు దాటినా, నేను చేసే ఉద్యోగం ఏమిటని ఊళ్లో ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం నాకింకా చేతకాదు. ఆరోగ్య ఆర్థికశాస్త్రం బోధిస్తానంటే, వైనతేయ ఏటిగట్టు మీద టీ దుకాణం దగ్గర కూర్చునే మా ఊరి పెద్దాయన ఒకరు "అంటే డాక్టరమ్మవా, బ్యాంకమ్మవా?" అని అడిగారు. రెండూ కాదండీ, జబ్బు పడితే ఎంత ఖర్చయింది, అది ఎవరి మీద పడింది, అదే డబ్బు మరోచోట పెడితే ఎంతమందికి మేలు జరిగేది అని లెక్క చూసే పని అని చెప్పాను. "దానికి సముద్రాలు దాటడం ఎందుకమ్మా, మీ అమ్మ పద్దుపుస్తకం చూస్తే సరిపోయేది కదా" అన్నారాయన. వేళాకోళానికే అన్నా, ఆయన మాట ఎంత దూరం వెళ్లిందో తరవాత చెబుతాను.

వాల్తేరులో ఎం.ఏ. చదివిన రోజుల్లో వైద్యానికీ ఆర్థికశాస్త్రానికీ సంబంధం ఉంటుందని నాకు తెలియదు. ఇంగ్లండ్‌కి వచ్చాక మొదట చదివించింది అమెరికా ఆర్థికవేత్త కెనెత్ యారో 1963లో రాసిన వ్యాసం. ఎప్పుడు జబ్బు పడతామో మనకు తెలియదు, ఏ మందు పనిచేస్తుందో వైద్యుడికి తెలిసినంత రోగికి తెలియదు, కాబట్టి వైద్యం కూరగాయల బజారులా నడవదని ఆయన వాదన. పి. గన్నవరంలో ఆర్.ఎం.పి. గారు ఏ సూది ఇస్తే ఆ సూది వేయించుకుని వచ్చిన మాకు ఇది కొత్త సంగతేమీ కాదు. దానికి సిద్ధాంతం ఉందన్నదే కొత్త. యార్క్ విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి 1983లోనే ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రం ఏర్పడింది. బ్రిటన్‌లో ఒక మందు ప్రభుత్వ వైద్యసేవలో చేరాలంటే, అది రోగికి ఇచ్చే ఆరోగ్యవంతమైన ఏడాదికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి చూపాలి. ఆ లెక్కలు కట్టేవాళ్లకు పాఠం చెప్పడమే నా ఉద్యోగంలో సగం.

మొదటి సంవత్సరం పిల్లలకు ఆసుపత్రి బిల్లు అంటే ఏమిటో చెప్పడం కష్టం, ఎందుకంటే వాళ్లలో చాలామంది దాన్ని చూసి ఎరగరు. 1948 జూలై 5 నుంచి ఆ దేశంలో ఆసుపత్రి గుమ్మం దగ్గర రుసుము అడగరు. ధర లేదని కాదు, దాన్ని నిరీక్షణగా చెల్లిస్తారు. శస్త్రచికిత్సకో, నిపుణుడి దగ్గర చికిత్సకో 18 వారాలకు మించి ఆగనివ్వకూడదన్నది నియమం కాగా, 2023 సెప్టెంబరులో ఇంగ్లండ్ నిరీక్షణ జాబితా 77 లక్షలు దాటింది. అక్కడ రోజుల్లో చెల్లించేదాన్ని మావాళ్లు కొబ్బరి దింపు మీద బయానాగా తెచ్చుకుని చెల్లిస్తారని చెప్పినప్పుడు తరగతి కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ తరవాత ఎవరో ఒకరు "పరీక్షలో ఇది వస్తుందా?" అని అడుగుతారు. ఏ దేశంలోనైనా అడిగే ప్రశ్నే.

తొలి తొమ్మిదేళ్లు ఒప్పందపు కొలువులే. గ్రాంటు ఉన్నంతకాలం జీతం, జీతం ఉన్నంతకాలం వీసా; దాన్ని ఇంతకంటే వివరించనక్కరలేదు.

వివరించవలసింది నా మొదటి వ్యాసం గురించి. గ్రామీణ కుటుంబాలు వైద్యానికి పెట్టే ఖర్చు మీద రాశాను. ఇలాంటి సర్వేల్లో ఖర్చు గడిలో సున్నాలు కుప్పలుగా ఉంటాయి. 1970లలో అమెరికాలో ర్యాండ్ సంస్థ చేసిన ఆరోగ్య బీమా ప్రయోగం కాలం నుంచీ వాటిని రెండు మెట్లలో లెక్కించడం అలవాటు: ముందు ఖర్చు పెట్టారా లేదా, పెడితే ఎంత. నేను ఆ పద్ధతే వాడి, సున్నా ఉన్న కుటుంబాలను వైద్యఖర్చు భారం లేనివాళ్ల కింద కట్టేశాను. మొత్తం వ్యయంలో 10 శాతమో 25 శాతమో వైద్యానికే పోతే విపత్తు అనే కొలత వాడుకలో ఉంది. దాని ప్రకారం సున్నా వాళ్లు అందరికంటే భద్రంగా ఉన్నవాళ్లు. పత్రికవాళ్లు వ్యాసం తిప్పి పంపారు. ఒక పెద్ద ఆచార్యురాలు నా ప్రతి తీసుకుని, ఆ పట్టిక పక్కన పెన్సిల్‌తో "ఎవరు వీళ్లు?" అని మాత్రం రాసి ఇచ్చారు. నాకు ఒళ్లు మండింది. సమీకరణంలో తప్పు చూపలేక ఇలా రాశారనుకున్నాను.

ఆ సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అమ్మ పద్దుపుస్తకం తీశాను. నాన్నగారి కిడ్నీ జబ్బు నాటి పుటలు ఇరవైకి పైగా ఉన్నాయి: కాకినాడ బస్సు, ఆటో, ఇడ్లీ, రక్తపరీక్ష, వార్డుబాయ్‌కి ఇచ్చిన ఇరవై రూపాయలు కూడా. మోకాళ్లు పట్టుకుని గోడ ఆసరాతో లేచే అమ్మ పేరు మీద ఒక్క పద్దు లేదు. "నీది ఎక్కడమ్మా?" అంటే, "చూపించుకుంటే కదే రాయడానికి" అంది, చేట పక్కన పెట్టకుండానే.

నా పట్టికలోని సున్నాల్లో అమ్మ ఉందని అప్పుడు అర్థమైంది. జబ్బు లేక సున్నా, డబ్బు లేక సున్నా, తీసుకువెళ్లే మనిషి లేక సున్నా, అది జబ్బని తెలియక సున్నా, అన్నీ ఒకే గడిలో ఒకే అంకెగా కూర్చుంటాయి. అమర్త్య సేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపింది ఇదే: ఆయుర్దాయంలో ముందున్న కేరళ ప్రజలు తమకు జబ్బులు ఎక్కువని చెబుతారు, వెనకబడిన బీహార్ వాళ్లు తక్కువని చెబుతారు.

ఇప్పుడు నా దగ్గర పరిశోధన చేసే ఆరుగురిలో ఒకడు భీమవరం కుర్రాడు. ఇంగ్లండ్‌లో అందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తారు. అతను మాత్రం పదిమందిలో పేరుతో మొదలుపెట్టి, మధ్యలో గొంతు తడబడి, చివరికి "మేడమ్" దగ్గర ఆగుతాడు. నేను దిద్దడం మానేశాను. గత వేసవిలో ప్రశ్నావళి సరిచూసుకోవడానికి ఇద్దరం పంటు ఎక్కి ఒక లంక గ్రామానికి వెళ్లాం. అరుగు మీద కూర్చున్న అరవై ఏళ్ల ఆవిడను అతను చాలా మర్యాదగా అడిగాడు: "పదిహేను రోజుల్లో మీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా అండి?" "లేదండి. ఆయ్, అంతా బానే ఉన్నామండి" అంది. అంటూనే రెండు చేతులతో తన ఎడమకాలిని ఎత్తి పీట మీద పెట్టుకుంది. మోకాలి కింద నుంచి మడమ దాకా ఒకే లావు, చర్మం చింతబెరడులా గరుకు, వేళ్ల సందుల్లో ఎండిన పసుపు. అతను ట్యాబ్‌లో సున్నా నొక్కాడు.

తిరిగి వచ్చేటప్పుడు పంటు మీద అడిగాను. "కాలు చూశానండి మేడమ్, కానీ ప్రశ్నలో అది లేదు కదండీ" అన్నాడు. అబద్ధం కాదు. మర్నాడు మళ్లీ వెళ్లి కాలి గురించే అడిగితే, ఆవిడ నవ్వింది. "ఇది జబ్బేంటి బాబూ, బోదకాలు. మా అత్తగారికీ ఉండేది." జ్వరమొచ్చి పనికి వెళ్లలేని రోజులు ఎన్నని అడగ్గానే మాత్రం వేళ్ల కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది: ఊడ్పులకు అవతలి గట్టుకి వెళ్లాల్సిన వారంలో నాలుగు, కోతల్లో మూడు, పండగ ముందు రెండు. ఫైలేరియా, అంటే ఈ బోదకాలు జబ్బు, దాని మీద శిక్షణకు రాజమండ్రిలో ఒక కేంద్రం ఉన్న ప్రాంతం ఇది. ఏడాదికోసారి ఇంటింటికీ మాత్రలు పంచడం 2004 నుంచి దేశంలో ఈ జబ్బు ఉన్న జిల్లాల్లో నడిచింది. మాత్ర రక్తంలోని పురుగు పిల్లలను చంపుతుంది గాని ఇంతగా వాచిన కాలిని మామూలు చేయదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుంటే జ్వరాలు తగ్గుతాయి. సబ్బు ఖరీదు ఒక వైపు, తొమ్మిది రోజుల కూలి మరో వైపు పెట్టి చూస్తే, నేను చూసిన లెక్కల్లో ఇంత సులువైనవి తక్కువ. కానీ మొదటి రోజు ట్యాబ్‌లో ఆ లెక్కకు చోటే లేదు.

ప్రశ్న మార్చాం. జబ్బు చేసిందా అని కాక, పని మానిన రోజులు, ఎందుకు మానారు, చూపించుకోకపోతే ఎందుకు అని మూడుగా విడగొట్టాం. ప్రశ్నావళి పొడుగైందని సహ పర్యవేక్షకుడు గొణిగారు. ఒప్పించడానికి రెండు సమావేశాలు పట్టింది.

ఇంకొక చిక్కు ఆ కుర్రాడే పట్టుకున్నాడు. ఆవిడ రాసుకునే పూతమందు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కూతురు పంపిన డబ్బుతో కొన్నది. డబ్బు ఎక్కడిదనే ప్రశ్నకు మా జాబితాలో ఆదాయం, అప్పు, ఆస్తి అమ్మకం, బంధువుల సాయం అని ఉన్నాయి. "కూతురు ఆరేళ్లుగా అక్కడ కష్టపడి పంపేది సాయమంటే ఎలాగండి మేడమ్?" అన్నాడు. విదేశంలో ఉన్న ఇంటి మనిషి సంపాదన అని అయిదో కోడ్ చేర్చాం. నెలనెలా నేను అమ్మకు పంపేదీ ఇన్నాళ్లూ నాలుగో కోడ్‌లోనే పడి ఉండేది.