కాపురం పెట్టనీకి పోతున్నవా బిడ్డా?

నల్లమల అడవి లోయలో, గుహలో ఉండే శివుడు లింగమయ్య. ఆయన ఉండే సలేశ్వరం పోదామని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నా. ఏడాదికోసారి చైత్ర పౌర్ణమికి, అదీ కొద్ది రోజులే లోపలికి వదులుతారు, మిగతా రోజుల్లో అది అమ్రాబాద్ పులుల అడవి. అచ్చంపేట, మన్ననూరు చెక్‌పోస్టు, ఫర్హాబాద్ మీదుగా రాంపూర్ పెంట అనే చెంచు గూడెం వైపు బండి ఎంతవరకు పోతే అంతవరకు పోయి, అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు కాలినడక.

బ్యాగులో ఏమేం పెట్టుకున్నానో చెబితే నవ్వుతారు. రెండు జతల బట్టలు, స్టీల్ టిఫిన్, మూడు లీటర్ల నీళ్లు, గొడుగు, పవర్ బ్యాంకు. అడవిలో సిగ్నలే లేదు, ఆ పవర్ బ్యాంకు దారి పొడవునా ఇటుకలా వీపుకు గుచ్చుకుంది. నా ముందు నడుస్తున్న పెద్దాయనది కల్వకుర్తి దగ్గర ఊరట. తువ్వాల మూటలో ఇన్ని ప్యాలాలు, చేతిలో కట్టె, అంతే ఆయన సామాను. వెనక్కి తిరిగి నా బ్యాగు చూసి, "ఏం బిడ్డా, కాపురం పెట్టనీకి పోతున్నవా?" అన్నాడు.

మొదట్లో నా లెక్కలు నాకున్నాయి. ఎన్నింటికి దర్శనం, తిరుగు బస్సు దొరుకుతుందా, సోమవారం ఆఫీసు. చుట్టూ జనం "వస్తున్నం వస్తున్నం లింగమయ్యా" అని అరుస్తుంటే నాకు సిగ్గేసి పెదాలు కదిపి ఊరుకున్నా. మనసు నిలవడం లేదని ధ్యానం యాప్‌కు ఏడాది డబ్బు కట్టి పది రోజులు కూడా వాడని మనిషిని నేను, నాతో అంత తేలిగ్గా అరిపిస్తారా.

లోయలోకి దిగే దగ్గర ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ లేదు. దారి ఒక్క మనిషి పట్టేంత. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు అందరికీ అదే, ఎదురు వస్తే బండకు వీపు ఆనించి నిలబడాలి. కాలి కింద గులకరాళ్లు జారుతున్నాయి. పెద్దాయనకు చెప్పుల్లేవు, మడమల నిండా పగుళ్లు, ఆ పగుళ్లలో ఎర్రమట్టి. ఆ కాలు ఏ రాయి మీద పడితే నా కాలూ ఆ రాయి మీదే. బస్సు, సోమవారం ఎప్పుడు పోయాయో తెలీదు, ఎప్పుడు మొదలుపెట్టానో కూడా తెలీదు, నా గొంతు నాకే వినిపించింది: వస్తున్నం లింగమయ్యా.

కింద గుండం. పైనెక్కడి నుంచో నీళ్లు బండల మీదుగా పడుతున్నాయి, నడి ఎండాకాలంలో ఒళ్లు వణికేంత చల్లగా. గుహలో లింగమయ్య దగ్గర పూజ చేసేది చెంచులే. తోపులాటలో దర్శనం అర నిమిషం కూడా కాలేదు. పైకెక్కాక పెద్దాయన మూట విప్పి నా దోసిట్లో గుప్పెడు ప్యాలాలు పోశాడు. నా టిఫిన్‌లో పులిహోర అప్పటికే పాసిపోయింది.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, ఏం మొక్కుకున్నవ్ రా అని. ఉద్యోగం సంగతి మొక్కమని ముందే పది సార్లు చెప్పి పంపింది.

"నీళ్లు మస్తు సల్లగున్నయే అమ్మా" అన్నా.