పట్టుబడి లేని చెరువు

మా ముందు గదిలో వంద లీటర్ల గాజు తొట్టి ఒకటుంది, ఉప్పునీళ్లలో పగడాలూ చేపలూ పెంచేది. భీమవరం వాళ్లం కదండీ, చూసిన ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే. మా బాబాయి అయితే చెప్పులు విప్పకుండానే అడిగేశాడు: "దీంట్లో ఎన్ని కేజీలు దిగుతాయిరా?"

ఏమీ దిగవు. అదే నాకు నచ్చింది.

నేను రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు నుంచి రైతులు సీసాల్లో నీళ్లు తెచ్చేవారు. సలినిటీ (ఉప్పదనం), పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం), అమ్మోనియా చూసి కాగితం మీద రాసిచ్చేవాణ్ణి. ఆ అంకెల వెనక ఎప్పుడూ ఇంకో అంకె ఉండేది: కౌంటు ఎంత (కేజీకి ఎన్ని రొయ్యలు), ఇవాళ రేటెంత.

తర్వాత జీబీఎస్ వచ్చింది. గులియన్-బారే సిండ్రోమ్. విరేచనాలు తగ్గాయనుకున్న కొన్నాళ్లకి పాదాలు తిమ్మిరెక్కాయి, ఆ తిమ్మిరి మోకాళ్లు దాటి పైకి పాకింది. రోగాల మీద పోరాడాల్సిన శక్తే మన నరాల మీద పడుతుందట. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. ఆసుపత్రి సంగతి ఇంతకంటే రాయను, నాకే విసుగు.

ఇంటికొచ్చాక కాళ్లు కొంచెం నయం, వేళ్లు మాత్రం మాట వినవు. చొక్కా గుండీ పెట్టడానికి మా ఆవిడ రావాలి. పలకరించడానికి వచ్చినవాళ్లంతా గట్టు మీద నిలబడి రొయ్య సైజు అడిగినట్టు "ఎంతవరకు వచ్చింది?" అనేవారు. ఆ రోజుల్లోనే మా మేనల్లుడు విశాఖలో చదువైపోయి వస్తూ వాడి ట్యాంకు మా ఇంట్లో దించేశాడు. "నీళ్ల సంగతి నీకు తెలుసుగా మావయ్యా!" అని.

అంతర్వేది నుంచి ఓ డ్రమ్ము సముద్రపు నీళ్లు తెచ్చేస్తే పోలేదా అన్నారు కొందరు. గోదావరి కలిసే చోటండీ అది. వరదొస్తే ఉప్పు పడిపోతుంది, నీళ్లనిండా ఒండ్రు. పగడాలకి తేట నీరు, నిలకడైన ఉప్పు కావాలి. అందుకే మన వైపు పగడపు దిబ్బలు లేవు, చూడాలంటే మన్నార్ సింధుశాఖకో లక్షద్వీప్‌కో అండమాన్‌కో పోవాలి. నేను ఆర్ఓ నీళ్లలో అక్వేరియంల కోసం ప్యాకెట్లలో అమ్మే సముద్రపు ఉప్పు కలిపి సలినిటీ 35కి తెచ్చాను. చూసేది చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరుతోనే. రాళ్లు పేర్చి, అమ్మోనియా పుట్టడానికి ఒక పచ్చి రొయ్య వేశాను (మనకి దానికేం కరువు!). బాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చేదాకా చేప వేయకూడదు. వారాలు పడుతుంది. పట్టనీ, నేను మాత్రం ఎక్కడికి పోతాను?

ఆల్కలినిటీ పరీక్ష ఉందే, అదే నాకు అసలు మందు. ఐదు ఎంఎల్ నీళ్లు గాజు గొట్టంలో పోసి, పరీక్ష ద్రావణం సీసాని తలకిందులుగా, నిటారుగా పట్టుకుని చుక్క చుక్కగా వేయాలి. నీలం పోయి పసుపు వచ్చేసరికి ఎన్ని చుక్కలైతే ఆల్కలినిటీ అన్ని డిగ్రీలు. ఎనిమిదో తొమ్మిదో రావాలి. మన చెరువు లెక్కలో చుక్కకి దాదాపు 18 పీపీఎం. వేళ్లు వణికితే రెండు చుక్కలు కలిసి పడిపోతాయి, లెక్క పోతుంది, మళ్లీ మొదటికి. చుక్క మొన దగ్గర ఉబ్బి, ఊగి, జారేలోపు వేలు వదులు చేయాలి. ఫిజియోథెరపీలో రబ్బరు బంతి నొక్కమంటే ఏడుపొచ్చేది నాకు. ఇక్కడ రాలేదు. సరిగ్గా చేశానో లేదో రంగే చెప్పేస్తుంది, శభాష్ అనేవాళ్లెవరూ పక్కన ఉండరు.

గట్టి పగడాలు నేను పెట్టలేదు. 2001 నుంచి అవన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రంలోంచి తీసి తెచ్చిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. నావి మష్రూమ్, లెదర్ అనే మెత్తటి రకాలు. జోయాంథిడ్లని పగడాల్లాంటి జీవులు చూడ్డానికి ముచ్చటే గానీ కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. నరాల దెబ్బ ఒకసారి తిన్నాను, చాలు.

ఒక జత క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య. ఆ రొయ్య మొదటిసారి మోల్టింగ్ చేసినప్పుడు, అంటే పాత డొల్ల విడిచినప్పుడు, అది చచ్చిపోయిందనుకుని మా అమ్మ గోల పెట్టింది. మీసాలతో సహా డొల్ల అచ్చు దానిలాగే రాతి పక్కన పడుంది, అసలుది వెనక సందులో దాక్కుంది. చెరువులో అయితే అమావాస్యకీ పౌర్ణమికీ మోల్టింగ్ అంటే రైతుకి నిద్ర ఉండదు, మినరల్స్ చల్లాలి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకూడదు. ఇక్కడ నేను కుర్చీ వేసుకుని చూశాను, అంతే. నైట్రేటు కాస్త పెరిగినా ఎవరూ అప్పుల్లో మునగరు.

ఇప్పుడు ఒక పూట ల్యాబుకి వెళ్తున్నాను. రానున్న మే నెలే బెంగ. గదిలో ఏసీ లేదు, తొట్టి నీళ్లు 30 డిగ్రీలు దాటితే పగడాలు తట్టుకోవు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొందామంటే మా ఆవిడ "ఫ్యాను చాలదా?" అంటోంది. ఫ్యాను గాలికి చల్లబడతాయి, నిజమే. కానీ నీళ్లు ఆవిరై ఉప్పు అలాగే ఉండిపోతుంది, రోజూ చెంబుతో మంచినీళ్లు పోస్తూ ఉండాలని చెప్పాను.

"పొయ్యండి మరి, చేతులకి మంచిది" అంది.