ఇరుసు మారింది సరే, హ్యాండ్ బ్రేకు సంగతేమిటి?

“బ్రేకు వేశాక ఆ చెక్క ఎందుకు? నీ పని మీద నీకే నమ్మకం లేకపోతే బండిని యజమానికి ఏ ధైర్యంతో అప్పగిస్తావు?” టెక్సాస్‌లో నేను పనిచేసే గ్యారేజీలో మా ఫోర్‌మన్ ఈ మాట అందరి ఎదుట అన్నాడు. ఒక పాత జీప్ చెరోకీకి వెనుక ఇరుసు మార్చి, పార్కింగ్ బ్రేకు కేబుళ్లు కలిపి, గ్యారేజీ ముందున్న వాలు మీద బండిని నిలిపి లివరు లాగాను. లాగిన వెంటనే చేతి అలవాటు కొద్దీ వెనుక చక్రం కింద చెక్కముక్క పెట్టాను. ఆయన ఆ చెక్క తీయించాడు. బండి అంగుళం కూడా కదలలేదు. అయినా ఆ మాట మాత్రం నన్ను చాలాకాలం వదల్లేదు.

చెక్క పెట్టడంలో తప్పుందని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. మన దగ్గర లారీ ఆగీ ఆగకముందే క్లీనర్ రాయి పట్టుకుని దిగుతాడు. దాన్ని ఏ డ్రైవరూ తన మీద అపనమ్మకంగా తీసుకోడు. లోడుతో ఉన్న బండిని ఒక్క తీగ ఆధారం మీద వదిలి వెళ్లకూడదన్న బుద్ధి అది. ఆ బుద్ధి ఈ దేశపు చట్టానికి కూడా ఉంది. సరుకు దించడానికి లారీలోకి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాలంటే, లారీ బ్రేకులు వేయడంతో పాటు వెనుక చక్రాల కింద అడ్డుదిమ్మలు కూడా పెట్టాలని ఇక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన చెబుతోంది. అంటే బ్రేకూ కావాలి, దిమ్మా కావాలి. ఈ సంగతి ఆయనకు చెప్పాలనుకున్నాను గాని, అప్పటికే ఆయన మరో బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆయన కోపానికి అసలు కారణం నాకు మెల్లగా అర్థమైంది. ఇరుసు మార్చే పనిలో అందరూ చిట్టచివరికి వాయిదా వేసేదీ, చాలామంది వదిలేసేదీ ఈ కేబుళ్ల పనే. 2001 వరకు తయారైన ఆ పాత చెరోకీలు చాలావాటికి వెనుక డానా 35 ఇరుసు ఉంటుంది. దాని లోపలి క్రౌన్, అంటే చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం, వ్యాసం సుమారు 7.5 అంగుళాలు. పెద్ద టైర్లు వేసి రాళ్ల మీదికి ఎక్కించేవారికి అది చాలదు. అందువల్ల 1995 నుంచి 2001 వరకు వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల నుంచి 8.8 అంగుళాల క్రౌన్, 31 స్ప్లైన్ల (చివర చెక్కిన గాళ్ల) షాఫ్టులు, డిస్క్ బ్రేకులు ఉన్న ఇరుసును తెచ్చి బిగిస్తారు. చక్రానికి ఐదు బోల్టులు, వాటి వృత్తం 4.5 అంగుళాలు, రెండు బండ్లకూ అదే కొలత కావడంతో చక్రాలు మార్చనక్కర్లేదు. కమాను కట్టలు కూర్చునే ఆసనాలను కోసి తగిన కోణంలో మళ్లీ వెల్డింగు చేయాలి, బ్రేకు నూనె గొట్టాలు కలపాలి, ప్రొపెల్లర్ షాఫ్టు సరిచూడాలి. ఇవన్నీ కంటికి కనిపించే పనులు. బండి నడుస్తుంది, పెడల్ తొక్కితే ఆగుతుంది, యజమాని సంతోషిస్తాడు. హ్యాండ్ బ్రేకు కేబుళ్లు మాత్రం కింద వేలాడుతూ మిగిలిపోతాయి.

అవి కలవకపోవడానికి కారణం ఉంది. జీప్‌లో లివరు నుంచి వచ్చే ముందు కేబుల్ బండి కింద ఒక చిన్న ఇనుప పట్టీని లాగుతుంది. ఈక్వలైజర్ అనే ఆ పట్టీ లాగుడును రెండు వెనుక కేబుళ్లకు సమంగా పంచుతుంది. ఆ వెనుక కేబుళ్లు జీప్ డ్రమ్ములకు సరిపోయేలా చేసినవి. ఎక్స్‌ప్లోరర్ ఇరుసులో డిస్కు నడుమ టోపీలా ఉబ్బిన భాగం లోపల చిన్న డ్రమ్ము, దాన్ని లోపలి నుంచి నొక్కి పట్టే చిన్న బ్రేకు షూలు ఉంటాయి. తీగ చివరి గుండు ఆకారం వేరు, వెనుక పళ్లెంలో కేబుల్‌ను పట్టి ఉంచే క్లిప్పు వేరు, షూ విచ్చుకోవడానికి తీగ కదలాల్సిన దూరం కూడా వేరు.

నా పద్ధతి ఇది. ఇరుసుతో వచ్చిన వెనుక కేబుళ్లను కోయను; చక్రం వైపు అవి సరిగ్గా కూర్చుంటాయి కనుక అతుకు ఏదైనా ముందు వైపునే, ఈక్వలైజర్ దగ్గరే పెట్టాలి. అక్కడ ఫోర్డ్ తీగ చివరలు ఇమిడేలా దళసరి రేకుతో ఒక పట్టీ తయారుచేస్తాను. అంతకన్నా ముఖ్యం, రెండు కేబుళ్ల పైతొడుగులు బండి అడుగుకు గట్టిగా బిగుసుకునేలా బ్రాకెట్ వేస్తాను. పైతొడుగు రెండు చివర్లా కదలకుండా ఉంటేనే లోపలి తీగ లాగుడు షూల దాకా చేరుతుంది. ఒక చివర వదులైతే లివరు లాగిన ప్రతిసారీ తొడుగు వంగుతుందే తప్ప బ్రేకు పడదు. తీగను మధ్యలో కోసి బోల్టు క్లాంపుతో బిగించిన బండ్లు చాలా చూశాను. క్లాంపు కింద పోగులు నలుగుతాయి, బరువు పడిన కొద్దీ తీగ జారుతుంది. పొడవు చాలకపోతే చివరలు యంత్రంతో నొక్కించిన కొత్త కేబుల్ చేయించుకోవడమే సరైన దారి.

పొడవు కొలవడానికి నాకు పురికొస చాలు. బండిని ఛాసీ దగ్గర ఎత్తి, ఇరుసు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు కేబుల్ వెళ్లాల్సిన దారి వెంట పురికొస పరుస్తాను. అలా కొలవకపోతే, గుంటలో చక్రం దిగినప్పుడు కేబుల్ బిగుసుకుని బ్రేకు దానంతటదే పడుతుంది. టైరుకూ సైలెన్సర్ గొట్టానికీ తగలకుండా మలుపులు విశాలంగా ఉండాలి. ఈ జోడింపుకు తగిన కేబుల్ ఏ బండి కంపెనీ విడిభాగాల పుస్తకంలోనూ దొరకదు, ఎందుకంటే ఏ కంపెనీ ఇలాంటి బండిని తయారుచేయలేదు. అలాంటి చోట, నంబరు చూసి డబ్బా విప్పే అలవాటు కన్నా ఉన్నదాన్ని కొలిచి కుదిర్చే మన మెకానిక్కుల చదువే అక్కరకు వస్తుంది. ఈ మాట నేను గర్వంగానే రాస్తున్నాను.

తర్వాత బిగింపు వరుస తప్పకూడదు. ముందుగా చక్రం వెనుక ఉన్న రంధ్రంలోంచి, షూల ఎడాన్ని సరిచేసే చిన్న పళ్ల చక్రాన్ని తిప్పి, షూలు డ్రమ్మును లేశమాత్రం తాకేదాకా తేవాలి. ఆ తరువాతే కేబుల్ వదులు తీయాలి. షూల ఎడాన్ని కేబుల్ బిగించి పూడ్చితే లివరు కదలిక అంతా అక్కడే ఖర్చయిపోతుంది.

ఇక్కడివారిలో నన్ను బాధించేది ఒకటుంది. ఆటోమేటిక్ గేరు కనుక “పీ”లో పెట్టి దిగిపోతారు, హ్యాండ్ బ్రేకును ముట్టనైనా ముట్టరు. “పీ”లో పెట్టినప్పుడు గేర్‌బాక్సు లోపల ఒక చిన్న కొక్కెం పళ్ల చక్రంలో పడుతుంది, అంతే. అది పట్టేది షాఫ్టును, చక్రాలను కాదు. ఒక వెనుక చక్రం నేల వదిలితే, మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే పళ్ల చక్రాల అమరిక) ఉన్న బండిలో రెండో చక్రం తిరిగిపోగలదు. ఫోర్-వీల్ జీపులో, ముందు వెనుక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెడితే ఆ కొక్కేనికీ చక్రాలకూ సంబంధమే తెగిపోతుంది. అప్పుడు బండిని పట్టుకునేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. రాళ్ల మీద తిప్పే బండికి ఈ రెండు పరిస్థితులూ వస్తాయి, కేబుళ్లు వదిలేసేదీ ఎక్కువగా ఆ బండ్లకే.

కొత్త బండి తయారుచేసే కంపెనీకి లెక్క స్పష్టంగా ఉంది. ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 135 అనే ఫెడరల్ ప్రమాణం ప్రకారం, పూర్తి బరువుతో ఉన్న బండిని 20 శాతం వాలు మీద, పైకి చూస్తున్నా కిందికి చూస్తున్నా 5 నిమిషాలపాటు పార్కింగ్ బ్రేకు నిలపాలి. చేతి లివరు మీద పడే బలం 400 న్యూటన్లు దాటకూడదు. కానీ గ్యారేజీలో ఇరుసు మారిన బండిని ఎవరు పరీక్షిస్తారు? టెక్సాస్‌లో ఏటా చేసే తనిఖీ జాబితాలో పార్కింగ్ బ్రేకు ఉండేది. 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఆ భద్రతా తనిఖీనే ఎత్తేశారు. అడిగేవాడు లేని చోట కూడా ఆ పని పూర్తయ్యేదాకా బండిని వదలని మనిషి మా ఫోర్‌మన్. ఆయన మాట కటువుగా ఉన్నా ఈ పట్టుదలను మెచ్చుకోకుండా ఉండలేను. బండి మా వాకిట్లో ఉన్నంతసేపే నా చెక్క దాని చక్రం కింద ఉంటుంది. యజమాని వాలు మీద ఆపినప్పుడు ఉండదు. ఈ ఒక్క విషయంలో ఆయన వాదనకు నా దగ్గర జవాబు లేదు.

మీలో ఎవరైనా ఈ మార్పిడికి పూనుకుంటే, పాత ఇరుసు విప్పకముందే లివరు పూర్తిగా లాగినప్పుడు ఈక్వలైజర్ ఎంత దూరం కదులుతుందో కొలిచి రాసుకోండి. కొత్త ఇరుసు బిగించే ముందు దాని షూలు పట్టడానికి తీగ ఎంత కదలాలో కూడా బల్ల మీదే చూసుకోండి. రెండోది మొదటిదానికన్నా ఎక్కువైతే ఎంత మంచి కేబుల్ తెచ్చినా బ్రేకు పట్టదు. లివరునో, మధ్యలోని లాగుడు నిష్పత్తినో మార్చాల్సి ఉంటుంది. కొత్త తీగ కొంత సాగుతుంది కనుక, కొన్ని వందల మైళ్లు తిరిగాక మళ్లీ బిగించడం తప్పనిసరి. మా దగ్గర బండి తీసుకెళ్లేవారికి ఈ మాట కాగితం మీద రాసి ఇస్తున్నాం. కొందరే తిరిగి వస్తున్నారు.